షీలానగర్ నుంచి ఎన్ఏడీ దాకా బండి నడిపిందెవరు?

విశాఖలో ఆ రోజు వరసగా నాలుగో సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి ఇంటికి వస్తున్నాను. గాజువాక దాటాను. షీలానగర్ దగ్గర ఎర్ర లైటు పడితే ఆగాను. పక్కన ఆటోలో ఒకావిడ చేపల గంప ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గంప మీద తడి గోనెపట్టా. అందులోంచి నీళ్లు ఆటో అంచు మీదికి చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ఇదంతా కళ్లకు కట్టినట్టు గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది ఎన్ఏడీ ఫ్లైఓవర్ మొదలు, వెనక నుంచి బస్సు కొట్టిన హారన్. ఈ రెండింటికీ మధ్య ఎయిర్‌పోర్టు ఉంది. దాన్ని ఎప్పుడు దాటానో ఈ రోజుకీ తెలియదు.

బండి పడలేదు, ఎవరినీ గుద్దలేదు. గేర్లు మార్చే ఉంటాను, బ్రేకులు వేసే ఉంటాను. ఇంటికొచ్చాక మా ఆవిడ నా మొహం చూసి, "కళ్లేంటి అలా ఉన్నాయి, నిద్ర చాలట్లేదా?" అంది. "ఏం లేదు, బాగానే ఉన్నాను" అన్నాను. అబద్ధమాడాలని కాదు, నిజంగానే బాగున్నాననుకున్నాను.

నిద్ర లేకపోతే ఏమవుతుందని ఎవరిని అడిగినా కళ్లు మండుతాయి, తల బరువెక్కుతుంది, ఊరికే చిరాకొస్తుంది అంటారు. అవన్నీ నిజమే. నా మటుకు వాటన్నిటికంటే ప్రమాదమైనది ఆ "బాగానే ఉన్నాను". నిద్ర తగ్గేకొద్దీ మెదడు చేసే పని చెడుతుంది. ఎంత చెడిందో కొలిచే పని కూడా ఆ మెదడుదే కాబట్టి అదీ చెడుతుంది. కాటాయే పాడైనప్పుడు తూకం తప్పిందని ఎవరు చెప్పాలి? ఇదెలా జరుగుతుందో అర్థం కావాలంటే, ముందు మనకు నిద్ర ఎందుకొస్తుందో చూడాలి.

విశాఖవాళ్లకి దీన్ని చెప్పడానికి ల్యాబు అక్కర్లేదు, సింహాచలం గిరి ప్రదక్షిణ చాలు. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం బయల్దేరతారు. కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు. సాయంత్రం హనుమంతవాక దాటేటప్పుడు అందరిలో ఊపు ఉంటుంది, అప్పన్న పేరు గొంతెత్తి పిలుస్తుంటారు. అదే జనాన్ని తెల్లవారుజామున మూడున్నరకో నాలుగింటికో మాధవధార వైపు చూడండి. మజ్జిగ పంచే షామియానాల పక్కన, డివైడర్ల మీద, మూసిన షాపుల మెట్ల మీద ఎక్కడివాళ్లక్కడే కునికిపాట్లు పడుతుంటారు. నడిచేవాళ్లు కూడా పక్కవాళ్ల భుజం పట్టుకుని కాళ్లీడుస్తుంటారు. ఇంకో రెండు గంటలు గడవనివ్వండి. తెల్లారాక గోపాలపట్నం దగ్గర ఆ మనుషులే కబుర్లు చెప్పుకుంటూ, సెల్ఫీలు దిగుతూ కనిపిస్తారు. మధ్యలో నిద్రపోయింది లేదు. నడక పెరిగిందే గానీ తగ్గలేదు. మరి ఆ హుషారు ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి జవాబును 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ అనే శాస్త్రవేత్త ఒక పద్ధతిగా చెప్పాడు. నిద్రను నడిపేవి రెండు. ఒకటి అప్పు లాంటిది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడు శక్తిని ఖర్చు చేస్తుంది, ఆ ఖర్చులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. ఎంత పేరుకుంటే నిద్ర అంత తోసుకొస్తుంది. పడుకుంటేనే అది దిగుతుంది. రెండోది గడియారం. రెండు కళ్ల నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, మెదడు లోపల, చిన్న కణాల గుంపు ఒకటుంది. మీరు పడుకున్నారా లేదా అన్నది దానికి పట్టదు. చీకటి పడ్డాక, రాత్రైందని ఒంటికి చెప్పే మెలటోనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది, తెల్లవారుజామున నాలుగైదు గంటలకి ఒంటి వేడిని బాగా తగ్గిస్తుంది, ఆ తర్వాత మళ్లీ పెంచుతూ పోతుంది.

మాధవధార దగ్గర ఈ రెండూ కలిసి మనిషిని కిందికి లాగుతాయి. గోపాలపట్నం దగ్గరికి వచ్చేసరికి గడియారం పైకి లేపడం మొదలుపెడుతుంది. అప్పు మాత్రం పైసా తగ్గలేదు. మనవాళ్లు దీన్నే "నిద్ర టైమ్ దాటిపోయింది, ఇక రాదులే" అంటారు. సి షిఫ్టు దిగే వేళకి మత్తు తేలిపోయినట్టు అనిపించేదీ ఇందుకే. ఆ ధైర్యంతోనే హెల్మెట్ పెట్టుకుని బయల్దేరతాం. ఎండ మొహాన పడి, బండి ఒకే వేగంలో పడి, రోడ్డు తిన్నగా సాగేసరికి అప్పులవాడు తలుపు తడతాడు.

కాఫీ, టీల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మెదడులో అడినోసిన్ వచ్చి కూర్చునే సీట్లు కొన్ని ఉంటాయి. కెఫీన్ ఆకారంలో దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ముందే వెళ్లి ఆ సీట్లలో కర్చీఫు వేసేస్తుంది. అడినోసిన్ బస్సు దిగిపోదు. నిలబడే ఉంటుంది, ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. కెఫీన్ స్టాప్ వచ్చి దిగగానే నిలబడ్డవాళ్లంతా ఒకేసారి కూర్చుంటారు. టీ ప్రభావం పోగానే మనిషి ఒక్కసారిగా కూలబడేది అందుకే. కెఫీన్ సగం కరగడానికి దాదాపు అయిదారు గంటలు పడుతుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలో సగం, మీరు మంచమెక్కే వేళకి ఇంకా ఒంట్లోనే తిరుగుతుంటుంది.

ఇప్పుడు నా ఎయిర్‌పోర్టు రోడ్డుకి వస్తాను. ఆ దారంతా నేను నిద్రపోలేదు, పోయుంటే ఇది రాసేవాణ్ణి కాదు. జరిగింది ముక్కలు ముక్కలు. అప్పు బాగా పేరుకున్నప్పుడు మెదడు మన అనుమతి అడగకుండా కొన్ని సెకన్ల పాటు నిద్రలోకి జారుకుంటుంది. దీన్ని మైక్రోస్లీప్ అంటారు. ఒక్కోసారి కళ్లు తెరిచే ఉంటాయి, చూపు మాత్రం లోపలికి చేరదు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు పోతే 67 మీటర్లు. అంత దూరం బండి మీద ఎవరూ లేనట్టే లెక్క. ఇంకో చిత్రం కూడా ఉంది. ఎలుకలను చాలాసేపు మేలుకొలిపి ఉంచితే, అవి తిరుగుతూ ఉండగానే మెదడులో అక్కడక్కడ కొన్ని కణాలు విడిగా నిద్రలోకి పోతున్నాయని 2011లో వచ్చిన పరిశోధన చూపించింది. ఊరంతా కరెంటు పోవడం ఒకటి, వీధికో ఇల్లు చొప్పున లైట్లారిపోవడం ఒకటి. రెండో రకంలో ఊరు వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. చెయ్యి క్లచ్ నొక్కుతుంది, కాలు గేరు మారుస్తుంది. చూసినదాన్ని రాసుకునే గుమస్తా మాత్రం బల్ల మీద తల పెట్టేసి ఉంటాడు.

రాత్రిళ్లు హైవే మీద పోలీసులు లారీలు, కార్లు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపడం మీరు చూసే ఉంటారు. మంచి పనే. ఆ ఆపడం వల్లా, ఆ నాలుగు మాటల వల్లా మనిషి కాసేపు తేరుకుంటాడు. కానీ చన్నీళ్లకి అడినోసిన్ కొట్టుకుపోదు. ఆ చురుకు కాసేపే.

మందు తాగి నడిపేవాళ్లను పట్టుకోవడానికి మిషన్ ఉంది. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి ఆల్కహాల్ ఉంటే కేసు. 1997లో ఆస్ట్రేలియాలో ఒక పోలిక తీశారు. ఒకే మనుషుల చేత ఒకసారి మందు తాగించి, ఇంకోసారి నిద్ర లేకుండా ఉంచి, కంటికీ చేతికీ సమన్వయం కావాల్సిన ఒకే పరీక్ష పెట్టారు. 17 గంటలు మెలకువగా ఉన్నవాళ్ల పనితనం, రక్తంలో 50 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు ఎలా ఉందో అలా తేలింది. 24 గంటలు దాటేసరికి అది 100 మిల్లీగ్రాముల దగ్గరికి చేరింది. పొద్దున్న ఆరింటికి లేచినవాడు రాత్రి పదకొండింటికి బీచ్ రోడ్డులో బండి నడుపుతున్నాడంటే 17 గంటలు నిండినట్టే. మిషన్‌లోకి ఎంత గట్టిగా ఊదినా సున్నాయే వస్తుంది.

1989 మార్చి 24న అర్ధరాత్రి దాటాక అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డీజ్ అనే చమురు ఓడ రాళ్లదిబ్బ మీదికెక్కింది. జనం నోళ్లలో కెప్టెన్ తాగుడే మిగిలిపోయింది. అమెరికా దర్యాప్తు సంస్థ నివేదిక మాత్రం ఇంకో కారణాన్నీ రాసింది. ఆ సమయంలో ఓడను తిప్పాల్సిన థర్డ్ మేట్ అనే కింది అధికారి పనిభారంతో, అలసటతో సరిగ్గా తిప్పలేకపోయాడని. పోర్టు ఉన్న ఊళ్లో ఉంటూ ఈ సంగతి తలచుకోకుండా ఉండలేను.

అసలు నిద్ర పూర్తిగా మానేస్తే మనిషి ఎన్నాళ్లు ఉండగలడు? 1959లో న్యూయార్క్‌లో పీటర్ ట్రిప్ అనే రేడియో వ్యాఖ్యాత విరాళాల కోసం 201 గంటలు మేలుకున్నాడు. నడివీధిలో అద్దాల గదిలో కూర్చుని, రోజూ ప్రోగ్రామ్ చేస్తూ. చివరి రోజుల్లో మెలకువ కోసం మందులు కూడా ఇచ్చారు. మైకు ముందు కూర్చుంటే బాగానే మాట్లాడేవాడు. మైకు కట్టేశాక లేనివి కనిపించేవి. ఆఖర్లో తనను పరీక్షించడానికి వచ్చిన డాక్టరును చూసి, పాతిపెట్టడానికి వచ్చినవాడనుకుని భయపడిపోయాడు.

ఆ తర్వాత 1963 డిసెంబరు చివర్లో శాన్ డియాగోలో రాండీ గార్డ్‌నర్ అనే పదిహేడేళ్ల కుర్రాడు స్కూలు సైన్స్ ప్రాజెక్టు కోసం మొదలుపెట్టి 264 గంటలు, అంటే 11 రోజులు, నిద్ర లేకుండా ఉన్నాడు. నిద్ర మీద పరిశోధన చేసే విలియం డిమెంట్ వచ్చి దగ్గరుండి చూశాడు. నాలుగో రోజుకే రోడ్డు పక్క బోర్డు అతనికి మనిషిలా కనిపించింది. కానీ పదో రోజున కూడా ఆటల్లో డిమెంట్‌ను ఓడించాడు. ఇంత చూశాక ఎవరికైనా ఏమనిపిస్తుంది, కుర్రాడికేం కాలేదనే కదా. పదకొండో రోజున అతన్ని వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మన్నారు. 65 దాకా వచ్చి ఆగిపోయాడు. ఎందుకాగావంటే, ఏం చేస్తున్నానో మర్చిపోయానన్నాడు. ఆట కదిలిస్తుంది, ఎదుటివాడు కదిలిస్తాడు. ఒక్కడే కూర్చుని మనసులో లెక్క పట్టుకోవడానికి కదిలించేవాళ్లుండరు. షిఫ్టులో కూడా అంతే. బ్రేక్‌డౌన్ వచ్చి అందరూ పరిగెత్తే రాత్రి ఎవరికీ నిద్ర రాదు. ఏ గొడవా లేక, మీటర్లన్నీ ఉండాల్సిన చోటే ఉన్న రాత్రి, ఆ మీటర్లను చూస్తూ కూర్చున్నవాడికే ముంచుకొస్తుంది. ఇలాంటి రికార్డులను గిన్నిస్ వాళ్లు ఇప్పుడు లెక్కలోకి తీసుకోవడమే మానేశారు.

పదకొండు రోజులు మేలుకునేవాళ్లు మనలో ఉండరు. మనం చేసేది ఇంకోటి. రోజూ రెండు గంటల నిద్ర కోసేసుకోవడం. నా "బాగానే ఉన్నాను"కి జవాబు దొరికింది ఇక్కడే. 2003లో అమెరికాలో 48 మంది ఆరోగ్యవంతులతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి రాత్రికి ఎనిమిది గంటలు పడక, కొందరికి ఆరు, కొందరికి నాలుగు, ఇలా రెండు వారాలు. ఇంకొందరిని మూడు రోజులు అసలు పడుకోనివ్వలేదు. రోజంతా మధ్యమధ్యలో పరీక్షలు పెట్టారు. స్క్రీన్ మీద అంకె కనబడగానే బటన్ నొక్కడం లాంటివి. ఆరు గంటలవాళ్ల తప్పులు రోజురోజుకీ పెరుగుతూ పోయి, రెండు వారాలయ్యేసరికి కొన్ని పరీక్షల్లో నిద్ర బొత్తిగా లేనివాళ్ల స్థాయికి దిగజారారు. ఇది సగం కథే. నీకు ఎంత మత్తుగా ఉంది అని వాళ్లనే అడుగుతూ వచ్చారు. మొదటి కొన్ని రోజులు మత్తు పెరిగిందన్నారు, తర్వాత ఆ మాట అక్కడే ఆగిపోయింది. తప్పులు మాత్రం ఆగలేదు. అంటే రెండో వారంలో వాళ్లు "అలవాటైపోయింది" అనుకునే దశకు వచ్చేశారు. అలవాటైంది మత్తుకి, నిద్ర లేకపోవడానికి కాదు.

"నాకు అయిదు గంటలు చాలు గురూ" అని గర్వంగా చెప్పేవాళ్లు మా క్యాంటీన్‌లో బల్లకి ఇద్దరుంటారు. నేనూ ఒకప్పుడు ఆ బల్ల మీదివాణ్ణే. పుట్టుకతోనే తక్కువ నిద్ర సరిపోయే మనుషులు ఉన్నారు, కానీ బహు అరుదు. ఆదివారం పదింటిదాకా లేవలేనివాడు ఆ కోవలోకి రాడు.

ఒంట్లో జరిగేవి క్లుప్తంగా చెప్పుకుందాం. 1999లో షికాగోలో 11 మంది కుర్రాళ్లను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూస్తే, తిన్న చక్కెరను ఒళ్లు సర్దుకునే తీరు షుగరు జబ్బు తొలి దశను తలపించింది. వాళ్లంతా ఏ జబ్బూ లేనివాళ్లు. నిద్ర తగ్గితే ఆకలి పెంచే హార్మోన్ పెరుగుతుంది, చాలనిపించే హార్మోన్ తగ్గుతుంది. అర్ధరాత్రి రెండింటికి పెసరట్టు మీదికి మనసు పోదు గానీ బజ్జీ మీదికి పోతుంది. 2015లో ఇంకో పరిశోధనలో 164 మంది నిద్రను వారం రోజులు కొలిచి, తర్వాత ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేశారు. ఏడు గంటలు దాటి పడుకున్నవాళ్లతో పోలిస్తే, ఆరు గంటల్లోపు పడుకున్నవాళ్లకి జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే బీపీ, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. రాత్రి షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో "బహుశా క్యాన్సర్ కారకం" కావచ్చన్న జాబితాలో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. ఈ మాట విని రేపే ఉద్యోగం మానేయాలని కాదు. ఆ జాబితా ముప్పు ఉందనడానికి ఆధారం ఎంత గట్టిదో చెబుతుంది, ముప్పు ఎంత పెద్దదో చెప్పదు.

ఎలుకల సంగతి మాత్రం వదలకూడదు. 1980లలో షికాగోలోనే కొన్ని ఎలుకలను బొత్తిగా నిద్రపోనివ్వకుండా ఉంచారు. తిండి పెరిగినా బరువు తగ్గిపోయాయి, చర్మం మీద పుండ్లు పడ్డాయి. 11 నుంచి 32 రోజుల్లోపు అన్నీ చనిపోయాయి, లేదా చావు అంచుకి చేరాయి. కోసి చూస్తే ఫలానా అవయవం చెడిపోయి చచ్చిపోయాయని చెప్పడానికి ఏమీ దొరకలేదు.

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఇంకో రకం మేలుకోవడం ఉంటుంది. పరీక్ష ముందు నైట్ అవుట్. పగలు చదివింది గట్టిపడేది రాత్రి నిద్రలో. నిద్ర లేని మెదడు మర్నాడు కొత్త విషయాన్ని పట్టుకోవడం కూడా తగ్గుతుంది. అంటే నైట్ అవుట్ చేసినవాడు రెండు పక్కలా నష్టపోతాడు. పైగా ఆ వయసులో శరీరపు గడియారం వెనక్కి జరుగుతుంది. రాత్రి పదింటికి పదహారేళ్ల కుర్రాడికి నిద్ర రాకపోవడం పొగరు కాదు. హాస్టల్లో వాళ్లను రాత్రి పదకొండుదాకా స్టడీ అవర్‌లో కూర్చోబెట్టి, తెల్లారి అయిదింటికి బెల్లు కొట్టి లేపేవాళ్లు దీన్ని క్రమశిక్షణ అంటారు. నాకైతే అది ఫీజు కట్టి కొనుక్కున్న సి షిఫ్టులా అనిపిస్తుంది.

సరే, అప్పు తీర్చడం ఎలా? లక్ష్మణుడు పద్నాలుగేళ్లు కన్ను మూయలేదని, ఆయన నిద్రంతా ఊర్మిళ తీసుకుని పద్నాలుగేళ్లూ పడుకుందని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతారు. ఈ కథ కట్టినవాళ్లెవరో గానీ గట్టివాళ్లు. నిద్రను రద్దు చేయడానికి వాళ్ల మనసొప్పలేదు. దేవుడి తమ్ముడైనా సరే, ఎవరో ఒకరు పడుకుని తీరాలి. మనకు ఊర్మిళ లేదు, మన నిద్ర మనమే పోవాలి. కాకపోతే గంటకి గంట కట్టనక్కర్లేదు. గార్డ్‌నర్ పోగొట్టుకున్నది 80 గంటలకు అటూ ఇటూ ఉంటుంది, మొదటి రాత్రి పడుకున్నది దాదాపు 15 గంటలే. మెదడు ముందుగా గాఢనిద్రను రాబట్టుకుంటుంది, తర్వాత కలల నిద్రను. ఒక రాత్రి జాగారాన్ని ఒకటి రెండు మంచి రాత్రులు సర్దేస్తాయి. వారాల తరబడి కోసేసిన నిద్రకి ఒక్క ఆదివారం సరిపోదు.

షిఫ్టులవాళ్లకి ఇంకో చిక్కు, పడుకోవాల్సింది పగలు. గడియారం లేపుతుండగా పడుకోవాలి. అది చాలదన్నట్టు మన ఊరి ఉక్కపోత, పక్కింటి కుక్కర్ విజిల్, ఇస్త్రీ బట్టల కోసం బెల్లు. మేం కిటికీకి ముదురు రంగు దళసరి తెర వేసి, తలుపుకి "నైట్ డ్యూటీ" అని అట్టముక్క కట్టాక నాకు గంటన్నర నిద్ర పెరిగింది. షిఫ్టుల వరస కూడా ముఖ్యమే. మన లోపలి గడియారం 24 గంటల కంటే కాస్త నిదానంగా తిరుగుతుంది, కాబట్టి పడుకునే వేళను తొందర చేయడం కంటే ఆలస్యం చేయడం తేలిక. ఉదయం నుంచి మధ్యాహ్నం, మధ్యాహ్నం నుంచి రాత్రి, ఇలా మారితే ఒళ్లు త్వరగా సర్దుకుంటుంది. తిరగేసి వేస్తే కష్టం. రోస్టర్ వేసే చోట ఈ మాట చెబితే నవ్వుతారు గానీ, చెప్పడం మానకూడదు. అలాగే, టైమ్ ఉండి పడుకున్నా నిద్ర పట్టనివాళ్లది వేరే సమస్య. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు అలా సాగినా, గురకతో ఊపిరాగి ఉలిక్కిపడి లేస్తున్నా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

నేను చేసుకున్న మార్పు చిన్నది. సి షిఫ్టు దిగాక వెంటనే బండి తీయను. ఒక టీ తాగి, రెస్ట్ రూమ్‌లో బెంచీ మీద ఇరవై నిమిషాలు పడుకుంటాను. కెఫీన్ పనిచేయడానికి ఎలాగూ అంతసేపు పడుతుంది, ఈలోగా కునుకు కాస్త అడినోసిన్‌ని దించుతుంది. అరగంట దాటి గాఢనిద్రలోకి పోతే లేచాక తల దిమ్ముగా ఉంటుంది, అందుకని అలారం. మొదట్లో కుర్రాళ్లు "అన్నకి వయసైపోయింది" అన్నారు. ఇప్పుడు ఆ బెంచీ ఖాళీ దొరకడమే కష్టంగా ఉంది. లేచాక మొహం కడుక్కుని, పది నిమిషాలు అటూ ఇటూ తిరిగి బయల్దేరతాను. షీలానగర్, ఆ తర్వాత కుడి పక్కన ఎయిర్‌పోర్టు గోడ, గోడ వెంట చెట్లు, గేటు దగ్గర ప్యాసింజర్ల కోసం ఆగిన ట్యాక్సీలు. ఇన్నేళ్లుగా ఆ దారిలో తిరుగుతున్నాను, ఆ చెట్ల సంగతి ఈ మధ్యే గమనించాను.